మట్టిలోని సూక్ష్మజీవులు - కొలెస్టరాల్ నిరోధకములు

వనపర్తి జిల్లాలోని పెబ్బేరు ప్రాంతమున తొలకరి వాన పడగానే చెల్కల నుండి కమ్మని మట్టివాసన వచ్చును. ఆ వాసనకు ముఖ్యకారణము స్ట్రెప్టోమైసిస్ అను బాక్టీరియా. సారవంతమైన మట్టి ఒక్క గ్రాములో కోట్ల కొలది సూక్ష్మజీవులుండును. తిండికై అవి పోటీపడుచు, ఒకదాని నొకటి అణచుటకు పలురకముల రసాయనములను తయారుచేయును.

ఈ రసాయనములు మనకు మందులైనవి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు నాయకుడుగా ఉన్న కాలమున, అచటి శాస్త్రజ్ఞుడు డగ్గర్ మట్టి బాక్టీరియా నుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. అది 1948లో ప్రకటింపబడెను. రోగక్రిములను అణచు మందును సూక్ష్మజీవులు ఇచ్చినప్పుడు, కొలెస్టరాలును తగ్గించు మందును ఈయలేవా?

కొలెస్టరాల్ మనకు శత్రువు కాదు. కణముల పైపొరలకు, కొన్ని హార్మోనులకు అది కావలెను. దానిలో అధికభాగమును శరీరమే తయారుచేసికొనును. అయితే రక్తములో మితిమీరినచో, అది ధమనుల గోడలలో పేరుకొని గుండెపోటునకు దారితీయును. ఈ తయారీలో ఒక తొలిమెట్టును నడుపు ఎంజైము హెచ్.ఎం.జి. కోఎ రిడక్టేజ్. జూరాల కాలువకు తూము ఎట్టిదో, ఈ తయారీకి ఆ ఎంజైము అట్టిది. తూము దించినచో దిగువకు నీరు తగ్గును. ఎంజైము పట్టుకొనవలసిన పదార్థమును పోలిన వేరొక అణువు దానిలో ఇమిడినచో, దాని పని కుంటుపడును. అట్టి అణువునే నిరోధకము అందురు.

శిలీంధ్రములకు కూడ కొలెస్టరాలును పోలిన పదార్థము అవసరము. కనుక దాని తయారీని అడ్డుకొను ఆయుధము ఏదో ఒక సూక్ష్మజీవికి ఉండవచ్చునని జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో ఊహించెను. 1971లో ఆరంభించి, సుమారు 6,000 సూక్ష్మజీవులను పరీక్షించి, 1973లో పెనిసిల్లియం సిట్రినమ్ అను బూజు నుండి కాంపాక్టిన్‌ను వేరుచేసెను. ఎలుకలలో అది ఫలింపలేదు. గ్రుడ్లు పెట్టు కోళ్లలో ఫలించెను.

ఇట్టి నిరోధకము పనిచేయు తీరు చిత్రమైనది. కాలేయ కణములు తమ కొరతను తీర్చుకొనుటకు, రక్తములోని కొలెస్టరాలును పట్టుకొను ప్రోటీనులను హెచ్చుగా తయారుచేయును. అందువలన రక్తములో కొలెస్టరాల్ తగ్గును.

అయినను కాంపాక్టిన్ మందుగా రాలేదు. కుక్కలలో కనిపించిన చెడుగుణములపై అనుమానముతో 1980లో పరీక్షలు నిలిపివేయబడెను. మట్టిలో పెరుగు ఆస్పర్జిల్లస్ టెర్రియస్ అను బూజు ఇచ్చిన లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందెను. స్ట్రెప్టోమైసిస్ కార్బోఫిలస్ అను బాక్టీరియా కాంపాక్టిన్‌ను ప్రవాస్టాటిన్ అను మందుగా మార్చును.

విద్యార్థులు గమనింపవలసిన దొకటి కలదు. పరీక్షనాళికలో ఎంజైమును ఆపిన ప్రతి పదార్థమును మందు కాదు. జంతువులలోను, పిదప మనుష్యులలోను నిలిచినదే మందు. దానినైనను వైద్యుని సలహాపైననే వాడవలెను. కాలిక్రింది మట్టి దాచిన సంపద వెలికివచ్చుటకు ఇంతటి ఓర్పు కావలెను.