ఫోన్ నెట్ ఇంటంతా పంచాలా? రూటర్ కొనేముందు మిద్దె ఎక్కండి

నంద్యాల టౌన్‌లో చాలా వీధుల్లో ఇంటర్నెట్ కావాలంటే కేబుల్ అన్నకి ఒక ఫోన్ కొడితే పని అయిపోతుంది. అక్కడి నుంచి హైవే మీద నలభై కిలోమీటర్లు వచ్చి, ఆళ్లగడ్డ దాటి పల్లె దారి పట్టామా, కథ మారిపోతుంది. వైరు రాని ఇళ్లున్నాయి. వచ్చినా, గాలివాన కొట్టిన రోజల్లా తెగిపోయే ఇళ్లున్నాయి. అలాంటి చోట ఇంటిల్లిపాదికీ ఒక్క ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు, అక్క ఆఫీసు మీటింగు, నాన్న యూట్యూబ్ అన్నీ దాని మీదే.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని, పండక్కి ఊరెళ్లినప్పుడల్లా ఒకటే ప్రశ్న: “అన్నా, మంచి రూటర్ ఒకటి చెప్పు.” మోడల్ పేరు చెప్పకముందు నేను ఎదురు ప్రశ్న వేస్తా: “మీ ఇంట్లో ఫోన్‌కి సిగ్నల్ ఏ మూల బాగా వస్తుంది?” చాలామంది దగ్గర జవాబు ఉండదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

బావిలో ఉంటేనే చేదలోకి

రూటర్ నెట్‌ని పెంచదు, పంచుతుంది. టవర్ నుంచి ఫోన్‌కి 5 ఎంబీపీఎస్ వస్తుంటే, పదివేలు పెట్టి రూటర్ కొన్నా ఆ ఐదే అందరూ పంచుకోవాలి. డబ్బా మీద “300 ఎంబీపీఎస్” అని రాసి ఉంటుంది కదా, అది రూటర్‌కీ మీ ఫోన్‌కీ మధ్య ఉండే వేగం. బయటి నుంచి వచ్చే నెట్‌తో దానికి సంబంధం లేదు.

మన వైపు ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. మట్టి మిద్దెలు, మూరెడు మందం రాతి గోడలు, నాపరాళ్ల కప్పులు. ఎండను ఎంత బాగా ఆపుతాయో సిగ్నల్‌నీ అంతే బాగా ఆపుతాయి. మిద్దె మీద దూసుకుపోయే నెట్ నడింట్లోకి వచ్చేసరికి నత్తనడక నడుస్తుంది. అందుకే మిద్దె ఎక్కమంటున్నా.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. మైనస్ 90, లేదా సున్నాకి ఇంకా దగ్గరగా ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటి కిందికి పోతే కష్టమే. 3 డీబీ తగ్గిందంటే సిగ్నల్ శక్తి సగమైనట్టు లెక్క. నడిల్లు, కిటికీ, మెట్ల గది, మిద్దె నాలుగు చోట్లా చూడండి. అక్కడే స్పీడ్ టెస్టు కూడా పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చేయండి. రాత్రి ఊరంతా ఒకే టవర్ మీద పడుతుంది. సిగ్నల్ నిండుగా ఉన్నా స్పీడ్ పడిపోయేది అప్పుడే. దానికి ఏ రూటర్ దగ్గరా మందు లేదు. వేరే కంపెనీ సిమ్ వేసి చూడటమే దారి.

ఫోన్ నుంచి రూటర్‌కి రెండు దారులు

సిగ్నల్ ఉన్న చోటు దొరికాక, అక్కడి నెట్‌ని ఇంట్లోకి ఎలా తేవాలన్నది తేల్చుకోవాలి.

మొదటి దారి యూఎస్‌బీ టెథరింగ్. ఫోన్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలిపితే వైఫై పని రూటర్ చూసుకుంటుంది. ఇక్కడ జాగ్రత్త. యూఎస్‌బీ పోర్టు ఉన్న ప్రతి రూటరూ ఈ పని చేయదు. చాలావాటిలో ఆ పోర్టు పెన్‌డ్రైవ్, ప్రింటర్ కోసమే. ఫీచర్ల జాబితాలో “యూఎస్‌బీ టెథరింగ్” లేదా “ఆండ్రాయిడ్ టెథరింగ్” అన్న మాట ఉండాలి. యూఎస్‌బీ ఉన్న ఆసుస్ రూటర్లు కొన్ని, జీఎల్-ఐనెట్ ‘మ్యాంగో’ లాంటి చిన్న రూటర్లు దీన్ని చేస్తాయి.

రెండో దారి వైఫై నుంచి వైఫై. రూటర్ మీ ఫోన్ హాట్‌స్పాట్‌ని పట్టుకుని, సొంత పేరుతో మళ్లీ పంచుతుంది. దీన్ని విస్ప్ మోడ్ అంటారు. టీపీ-లింక్ డబ్ల్యూఆర్802ఎన్ లాంటి అరచేతిలో పట్టే రూటర్లలో ఇది ఉంది. మామూలు చవక రూటర్లలోనూ కొన్నింట్లో ఉంటుంది. ఫోన్ కిటికీలో, రూటర్ గుమ్మం దగ్గర పెట్టుకోవచ్చు. అయితే సింగిల్ బ్యాండ్ రూటర్ ఒకే రేడియోతో తీసుకుని ఒకే రేడియోతో పంచాలి కాబట్టి వైఫై వేగం సుమారు సగానికి పడుతుంది. డ్యూయల్ బ్యాండ్ అయితే ఒక బ్యాండ్‌లో తీసుకుని ఇంకో బ్యాండ్‌లో ఇవ్వగలదు. ఇంకో మెలిక ఏంటంటే, ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే 2.4 మాత్రమే తెలిసిన రూటర్‌కి అది కనిపించనే కనిపించదు. ఫోన్ సెట్టింగ్స్‌లో 2.4కి మార్చాలి. “ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ ఆపెయ్” అనే ఆప్షన్‌ని కూడా తీసేయండి. లేదంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఫోన్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఫోన్‌ని పక్కనబెట్టి సిమ్‌నే రూటర్‌లో వేస్తే?

రోజంతా నెట్ కావాల్సిన ఇంటికి ఇదే మేలు. నంద్యాల ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పొద్దస్తమానం చార్జింగ్‌లో ఉంచి హాట్‌స్పాట్ నడిపితే ఫోన్ కాలిపోతుంది, వేగం తగ్గించుకుంటుంది. నెలల తరబడి అలాగే వాడితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదమూ ఉంది. టీపీ-లింక్ ఎంఆర్100, ఎంఆర్6400 లాంటి సిమ్ స్లాట్ రూటర్లకి ఈ బాధ లేదు. వాటిలో బ్యాటరీయే ఉండదు.

కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. ఒకటి, మీ ప్లాన్‌లో అన్‌లిమిటెడ్ 5జీ ఉందని ఆ సిమ్ తీసి 4జీ రూటర్‌లో వేస్తే అది 4జీనే పట్టుకుంటుంది. అంటే రోజువారీ 2 జీబీ కోటాలోంచే ఖర్చవుతుంది. అయిపోయాక మిగిలేది 64 కేబీపీఎస్. హెచ్‌డీ సినిమా గంటకు 3 జీబీ దాకా తాగుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. ఆ లెక్కన 2 జీబీ నలభై నిమిషాల్లో హాంఫట్.

రెండు, బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబర్‌ని రూటర్‌లో వేయకండి. మెసేజ్‌లు రూటర్‌లో ఇరుక్కుంటాయి. ఫోన్‌లో ఆ నంబర్‌కి కాల్స్ రావు. నెట్ కోసమే వేరే సిమ్ తీసుకోండి.

మూడు, రూటర్ అన్‌లాక్డ్‌గా ఉందా లేదా? జియోఫై లాంటి కంపెనీ డబ్బాల్లో వాళ్ల సిమ్ తప్ప వేరేది పనిచేయదు. రేపు పక్క టవర్ బాగుందని సిమ్ మార్చాలంటే కుదరదు.

నాపరాళ్ల ఇంట్లో ఒక ఉద్యోగం

ఇదంతా లెక్కల గొడవలా అనిపించవచ్చు. మా చిన్నమ్మ కూతురికి మాత్రం ఇది ఉద్యోగం సంగతి. ఆళ్లగడ్డ పక్కన పల్లెలో ఇంటి నుంచే ఒక కంపెనీకి కస్టమర్ సపోర్ట్ చేస్తుంది. కాల్స్ మధ్యలో తెగుతున్నాయని, ఇలాగే ఉంటే బెంగళూరు ఆఫీసుకి వచ్చేయమని పైవాళ్లు చెప్పేశారు. బెంగళూరంటే హాస్టల్ అద్దె, తిండి, ప్రయాణాలు. జీతంలో మిగిలేది ఎంత? పైగా చిన్నమ్మకి ఒంట్లో బాగోదు, వదిలి వెళ్లలేదు.

“అన్నా, ఖరీదైన రూటర్ కొనేద్దామా?” అంది. ముందు ఇద్దరం ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాం. ఆమె కూర్చునే గదిలో 2 ఎంబీపీఎస్, మెట్ల గది కిటికీలో 20కి పైన. 5జీ ఆ ఊరికి అందడం లేదు కాబట్టి 4జీ సిమ్ రూటరే చాలనుకున్నాం. దాన్ని మెట్ల గదిలో, ఎండ తగలని గూట్లో పెట్టాం. అక్కడి నుంచి ల్యాప్‌టాప్ దాకా పదిహేను మీటర్ల ల్యాన్ వైరు లాగాం. రాతిగోడతో వైఫై కొట్లాడే అవసరమే లేకుండా పోయింది. కరెంటు పోతే రూటర్‌ని నడపడానికి ఒక మినీ యూపీఎస్. రూటర్ 12 వోల్టులదైతే యూపీఎస్ కూడా 12 వోల్టులదే ఉండాలి, అది అడాప్టర్ మీద రాసి ఉంటుంది.

ఇప్పుడు పగటి షిఫ్టులో కాల్స్ నిలబడుతున్నాయి. రాత్రి ఎనిమిది దాటితే వేగం ఇప్పటికీ పడిపోతుంది. అందుకే రాత్రి షిఫ్టు వద్దని ముందే అడిగి పెట్టుకుంది. చెల్లి ఇంకా ఊళ్లోనే ఉంది.

కొట్లో అడగాల్సినవి

ఫోన్‌తోనే కానివ్వాలంటే “యూఎస్‌బీ టెథరింగ్ ఉందా? విస్ప్ మోడ్ ఉందా?” అని అడగండి. సిమ్ రూటరైతే “అన్‌లాక్డేనా? ఏయే 4జీ బ్యాండ్లు పడతాయి?” అని అడగండి. మన దేశంలో 3, 5, 8, 40 బ్యాండ్లు ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. విదేశాల నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ డబ్బాలు కొన్ని ఇక్కడే తేలిపోతాయి. నెట్ 20 ఎంబీపీఎస్ వచ్చే ఇంటికి వైఫై 6 కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. ఆ డబ్బుతో ల్యాన్ వైరు, మినీ యూపీఎస్ కొనుక్కోండి. మీ వీధికి నమ్మకమైన ఫైబర్ వచ్చిన రోజు మాత్రం ఇంకేం ఆలోచించకుండా వైరు వేయించుకోండి. సిమ్ రూటర్‌ని అమ్మేయకండి, వైరు తెగిన రోజు మళ్లీ అదే ఆదుకుంటుంది.