పొట్లాల విమానానికి పెద్ద ఎవరు?

దివిసీమ ఉప్పెన రోజు, నవంబరు 19 దగ్గరపడుతోంది, వాయుసేన మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారం దాటకూడదన్నారు ఎడిటర్ గారు. కవరు మీదికి యుద్ధ విమానం బొమ్మ అన్నారు. నేను ఒప్పుకోలేదు. దివిసీమకు అక్కరకొచ్చేది బాంబులేసేది కాదు, బియ్యం మోసేది. సినిమాలు మాత్రం మొదటిదాని మీదే తీస్తారు.

1977 ఉప్పెన సంగతి బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఎవరినడిగినా చెబుతారు. సముద్రం ఊళ్ల మీద పడింది, పది వేల మందికి పైగా పోయారు, దారులు తెగిన చోట్ల హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. మరి అలాంటి రవాణా దళాన్ని నడిపించే అధికారి ఎలాంటివాడు? దాన్ని వెతుకుతుంటే నన్ను పట్టేసుకున్నది ఒక తప్పుడు ఫొటో.

1988 నవంబరు 3. మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటు లేపారు. అధ్యక్షుడు గయూమ్ సాయమడిగారు. ఆగ్రాలో రవాణా విమానాల 44వ స్క్వాడ్రన్‌కు కమాండర్ గ్రూప్ కెప్టెన్ అనంత్ గోపాల్ బేవూర్. పథకం వేసేవాళ్ల ముందున్న ఫొటోలో విమానాశ్రయం ఉంది గానీ అది గన్ దీవిది! దిగాల్సిన హుల్‌హులె దీవికి అది వందల కిలోమీటర్ల దక్షిణాన ఉంది. అదృష్టం కొద్దీ మాల్దీవుల్లోని మన హైకమిషనర్ ఎ.కె. బెనర్జీ ఆ రోజు ఢిల్లీలోనే ఉన్నారు. ఇది అది కాదు బాబూ అని పట్టుకున్నది ఆయనే. చివరికి పర్యాటకుల కోసం అచ్చేసిన పటాలు కూడా సైన్యానికి ఆధారమయ్యాయి.

సాయంత్రం రెండు ఐఎల్-76లు పారాట్రూపర్లతో లేచాయి. రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రన్‌వే ఎవరి చేతిలో ఉందో తెలియదు. ముందు విమానంలో బేవూరే ఉన్నారు. కిందినుంచి, ముందే అనుకున్న సంకేత పదం వినిపించాక, రన్‌వే దీపాలు కాసేపే వెలిగాయి. ఆ వెలుగులో దారి చూసుకుని దించేశారు. తెల్లారేలోపే గయూమ్ క్షేమంగా ఉన్నారు.

కమాండరంటే సంతకాలు పెట్టే ఆఫీసరే అనుకుంటాం. ఈ కొలువులో ఆ కుర్చీకి చేరాలంటే కో-పైలట్‌గా మొదలుపెట్టి, కెప్టెనై, బయటేమీ కనపడని వాతావరణంలో పరికరాలను నమ్మి నడిపే పరీక్షలు ఒక్కొక్కటే దాటాలి. అవి దాటితే ఇచ్చే కార్డులు వైట్, గ్రీన్, ఆపైన మాస్టర్ గ్రీన్. నవంబరు మబ్బులో మన ఊరి మీదికి రావాల్సినవాడికి పతకాల కన్నా ఆ కార్డే ముఖ్యమని నా లెక్క.

మన పక్కనే
బాపట్ల జిల్లా అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు అక్కడ దిగి, లేచాయి. సుఖోయ్‌లు పైనుంచి వెళ్లిపోయాయి. నేలను తాకింది బరువులు మోసే విమానాలే.

1977లో మీ ఊళ్లో పొట్లాలు పడ్డాయా? పడినవి అందుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఏ ఊరు, ఏ రోజు, పొట్లంలో ఏముందో అడిగి మాకు రాయండి.