వెనక బ్రేకు పిస్టన్‌ను నొక్కితే చాలదు, తిప్పాలి. ఎందుకు?

కారు బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతూ ఆ ఖాళీని పూడుస్తుంది. మందపాటి కొత్త ప్యాడ్లు పట్టాలంటే దాన్ని వెనక్కి పంపాలి. ముందు చక్రాల దగ్గర సి-క్లాంపుతో నొక్కితే సరిపోతుంది. చాలా కార్లలో వెనక పిస్టన్ మాత్రం ఎంత నొక్కినా మొండికేస్తుంది. తుప్పు పట్టిందేమో, ఇంకాస్త బలం పెడదాం అనిపిస్తుంది. తుప్పు పట్టడమూ ఉన్నదే, కానీ అసలు సంగతి హ్యాండ్‌బ్రేకుది. లివర్ లాగినప్పుడు పిస్టన్‌ను నెట్టడానికి దాని వెనక మరచుట్లున్న కడ్డీ ఒకటి ఉంటుంది. ప్యాడ్లు అరిగినకొద్దీ ఆ మర తనంతట తానే విప్పుకుని పొడవు పెరుగుతుంది. లేకపోతే హ్యాండ్‌బ్రేకు నానాటికీ వదులైపోదూ! నేరుగా నొక్కితే బలమంతా ఆ మర మీదే పడి, అది పాడవుతుంది. పిస్టన్ ముఖం మీది గాట్లలో పనిముట్టు ఆనించి, నొక్కుతూ తిప్పితే మర వెనక్కి చుట్టుకుంటుంది.

అన్ని కార్లూ ఇంతేనా? కాదు. హ్యాండ్‌బ్రేకుకు విడిగా చిన్న డ్రమ్ము ఉన్నచోట నొక్కితే చాలు. మోటారుతో పనిచేసే హ్యాండ్‌బ్రేకులనైతే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. తిప్పే దిశ కూడా బండిని బట్టి మారొచ్చు. అందుకే పని మొదలుపెట్టేముందు ఆ కారు మాన్యువల్ తెరిచి చూడండి.