రెండు కొయ్య గుర్రాలు

హసన్‌పర్తిలో ఈ రోజుల్లో గుర్రాలున్న ఇల్లు ఏదైనా ఉన్నదంటే అది మాదే. ఒకటి కాదు, రెండు! గడ్డి అడగవు, గుగ్గిళ్ళు అడగవు. వెనక వసారాలో గోడవారగా బుద్ధిగా నిలబడి ఉంటాయి. మా ఆవిడ వాటిమీద బల్ల పరచి వడియాలు ఎండబెట్టుకుంటుంది కూడాను.

ఇవి కొయ్య గుర్రాలు లెండి. చెక్క కోసేటప్పుడు కింద ఆనికగా పెట్టుకునే నాలుగు కాళ్ళ సాధనాలు. ఇంగ్లీషువారు వీటిని రంపపు గుర్రాలంటారు. జర్మనీవారికి ఇదే వస్తువు మేకపోతు. చిత్రకారులు పటం నిలబెట్టుకునే 'ఈజిల్' ఉన్నదే, ఆ మాటకు డచ్చి భాషలో అర్థం గాడిద! నాలుగు కాళ్ళు కనిపిస్తే చాలు, ఏ దేశపు మనిషికైనా ఏదో ఒక జంతువు గుర్తుకు వస్తుంది కాబోలు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. చేతులు ఊరికే ఉండనివ్వక ఒక రంపం, ఒక సుత్తి, రెండు ఉలులు కొనుక్కున్నాను. వెనక వసారాకు 'వర్క్‌షాపు' అని పేరు పెట్టుకున్నాను. పేరైతే పెట్టాను గాని, చెక్కను దేనిమీద పెట్టి కోయాలో ఆలోచించలేదు. ఒకనాడు ఒక బల్లను ఇటు ప్లాస్టిక్ కుర్చీ మీద, అటు రుబ్బురోలు మీద ఆనించి సరిగ్గా నడుమ కోయసాగాను. సగం కోత దిగేసరికి బల్ల నడుము వంగింది. కోత మూసుకుని రంపాన్ని పట్టేసింది. నేను బలంకొద్దీ లాగాను. కుర్చీ జారింది. బల్లా, రంపమూ, నేనూ ముగ్గురమూ ఒక్కసారే కిందికి వచ్చాము. ఎడమ బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి.

"ఇంకొకసారి కుర్చీమీద పెట్టి కోశారంటే, ఆ రంపం తీసుకెళ్ళి చెరువులో వేసి వస్తాను" అన్నది మా ఆవిడ. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది.

ఈ గొడవంతా మా ఎదురింటి అరుగుమీద కూర్చుని చూస్తున్నవాడు ఒకడున్నాడు. ఆయన మా వాడకట్టులో పెద్ద వడ్రంగి. నేను చిన్నప్పటినుంచీ 'మామా' అని పిలుస్తాను. ఆయన మాత్రం నాకు ఉద్యోగం వచ్చిననాటినుంచీ నన్ను 'సారూ' అనే అంటాడు. ఎన్నో ఇళ్ళకు దర్వాజాలు ఎత్తిన చెయ్యి. కాని మోకాళ్ళు అరిగిపోయి, మూడేళ్ళుగా పనిముట్ల సంచి విప్పలేదు.

మోకాళ్ళకూ వడ్రంగానికీ సంబంధమేమిటంటారా? మన పాతకాలపు వడ్రంగి నేలమీద కూర్చుని పని చేసేవాడు. కొయ్యను కాలి వేళ్ళతో అదిమిపట్టి, రంపాన్ని తనవైపు లాగి కోసేవాడు. ఆయన పాదమే ఆయనకు పట్టుడు చెక్క, నేలే ఆయన బల్ల. ఖర్చులేని ఏర్పాటే! కాని అందుకు మోకాళ్ళు వంగాలి. అవి మొరాయించిననాడు, చేతిలో ఎంత విద్య ఉన్నా అరుగుమీద కూర్చోవలసిందే. పడమటి దేశాలవారు నిలబడి, రంపాన్ని ముందుకు తోసి కోస్తారు. అందుకని వారికి గుర్రం కావలసి వచ్చింది.

ఈ సంగతి నాకు తట్టిననాటినుంచి, గుర్రాలు నా బొటనవేలికోసం మాత్రమే కాదని తోచింది.

కలప కొనలేదు. 2019లో మా నాయన కట్టించిన పెంకుటిల్లు విప్పించినప్పుడు వచ్చిన వాసాలూ, చెక్కలూ పెరట్లో పడి ఉన్నాయి. పాత కలపతో ఒక్కటే జాగ్రత్త: లోపల విరిగిన మేకులు దాగి ఉంటాయి. వెతికి పీకి, ఆ తరవాతే రంపం పెట్టాలి. లేకుంటే రంపం పళ్ళు పోతాయి.

ఇక గుర్రం కట్టే విధానం. రైలు పట్టాను అడ్డంగా కోసి చూస్తే ఎలా ఉంటుంది? పైన వెడల్పు, నడుమ సన్నం, కింద మళ్ళీ వెడల్పు. 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్షా దారి మా ఊరి పక్కనుంచే పోతుంది గనుక ఈ ఆకారం మాకు కొత్తది కాదు. గుర్రం వెన్నెముక ఇలాగే ఉండాలి. 4 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం, 36 అంగుళాల పొడవుగల ముక్కలు 3 తీసుకోండి. ఒకటి కింద పడుకోబెట్టి, దాని నడిమధ్య రెండోది నిలువుగా నిలిపి, ఆపైన మూడోది పడుకోబెట్టి, పొడుగాటి మరలతో బిగించండి.

కాళ్ళకు 4 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందంగల చెక్కలు 25 అంగుళాల చొప్పున 4 కావాలి. కాలి పై కొనను పై ముక్క అడుగున దూర్చి, నిలువు ముక్కకు ఆనించండి. కింద అది అడుగు ముక్క అంచును తాకుతుంది. అంతే, కాలు దానంతటదే బయటికి వాలుతుంది! కోణం కొలవనక్కరలేదు. ఇదే ఇందులోని కిటుకు. కొనల నుంచి 4 అంగుళాలు లోపలికి కాళ్ళు పెట్టి, ఒక్కొక్క కాలికి పైన రెండు, కింద రెండు మరలు వేయండి. ముందు సన్నగా బెజ్జం చేయకపోతే పాత టేకు చీలుతుంది.

మా పక్కింటి కుర్రవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు ఫోనులో లెక్క కట్టి "పద్నాలుగు డిగ్రీలు సార్" అన్నాడు. అరుగుమీదినుంచి మామ నవ్వాడు. "డిగ్రీలు ఎందుకురా, నాలుగుకు ఒకటి అను" అన్నాడు. నిజమే. 4 అంగుళాలు దిగితే 1 అంగుళం బయటికి. ఆ లెక్కనే ప్రతి కాలి రెండు కొనలనూ, 1 అంగుళం మందంమీద పావు అంగుళం వాలుగా, రెండు కోతలూ ఒకేవైపు వాలేటట్లు కోస్తే, పాదం నేలకు అతుక్కుని కూర్చుంటుంది. కాళ్ళు విడిపోకుండా నేలకు 8 అంగుళాల ఎత్తున, అటూ ఇటూ 12 అంగుళాల అడ్డపట్టీలు కొట్టండి. చివరగా వీపుమీద 1 అంగుళం మందపు చవక చెక్క ఒకటి. రంపం పొరపాటున దిగితే దాన్నే కోస్తుంది. అది పాడైతే మార్చుకోవచ్చు. ఆ చెక్క పట్టించే మరల తలలు బాగా లోపలికి దిగాలి సుమండీ.

మొత్తం ఎత్తు 27 అంగుళాలపైన కొంచెం. ఇది నా ఎత్తు కాదు. మామను నిలబెట్టి, చేతులు వేలాడేయమని, నేలనుంచి ఆయన పిడికిలి దాకా కొలిచాను. "ఎందుకు సారూ?" అన్నాడు. "ఊరికే మామా" అన్నాను.

రెండు గుర్రాలూ సిద్ధమైననాడు ఆయన్ను చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకువచ్చాను. ఆయన గుర్రాన్ని చూడలేదు. దాని కాలిమీద చెయ్యి వేసి చాలాసేపు తడిమాడు. అక్కడ ఉలితో గీసిన మూడు గీతలున్నాయి. నేను వాటిని గమనించనే లేదు.

"గిది మా నాయిన గుర్తు సారూ. మీ ఇల్లు కట్టినప్పుడు నేను పోరణ్ణి. గీ చెక్క నేనే పట్టుకుంటే, ఆయన గీసిండు" అన్నాడు.

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఒక బల్లను గుర్రాలమీద పెట్టి రంపం అందించాను. కోయవలసిన కొన గుర్రాలకు వెలుపల ఉండేటట్లు ఆయనే జరిపాడు. తెగిన ముక్క దానంతటది కిందికి వాలుతుంది, కోత మూసుకోదు. నాలుగు కుట్లు పడి నేను నేర్చుకున్న పాఠం ఆయన చేతికి ముందే తెలుసు. లాగే అలవాటుతో మొదట రంపం తడబడింది. పది తోపులు పోయాక దారిలో పడింది. మోకాళ్ళు నిటారుగానే ఉన్నాయి. పొట్టు రాలుతూనే ఉన్నది.

"గుర్రమెక్కుడు నేర్వనీకి నాకు గీ వయసు రావాలెనా!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. పొట్టు పడిందన్నాడు. పడే ఉంటుంది.

ఇప్పుడు రోజూ పొద్దున ఒక గంట సేపు వసారా ఆయనది. మునిమనుమరాలు నడక నేర్చే వేళ అయింది. మూడు చక్రాల నడకబండి తయారవుతున్నది. నేను చెక్క పట్టుకుంటాను, ఆయన గీత గీస్తాడు. మా ఆవిడ వడియాలు ఎండబెట్టుకోవడానికి ఇంకో రెండు గుర్రాలు కట్టమంటున్నది.