విలన్ మన కళ్ళలోకే ఎందుకు చూస్తాడు? 'ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్'లో కెమెరా చెప్పిన కథ

మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "బ్రో, థ్రిల్లర్‌లో కెమెరా వర్క్ అదిరింది అంటారు కదా, అసలు అదరడం అంటే ఏంటి?"

నిజం చెప్పనా? నాకూ చాలాకాలం తెలీదు. డ్రోన్ షాట్, స్లో మోషన్, కొంచెం నీలం రంగు... అంతే అనుకునేవాణ్ణి. కెమెరా పని అందంగా చూపించడం అని. ఆ అభిప్రాయం మార్చిన సినిమా గురించే ఈ ఎపిసోడ్. 1991లో వచ్చిన 'ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్'. దర్శకుడు జొనాథన్ డెమ్మీ, కెమెరామన్ టాక్ ఫుజిమోటో. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఈ ఐదు ఆస్కార్లూ దీనికే వచ్చాయి. క్లైమాక్స్ కూడా చెప్పేస్తున్నా, చూడనివాళ్ళు చూసొచ్చి వినండి.

కథ రెండు ముక్కల్లో. క్లారిస్ స్టార్లింగ్ ఎఫ్‌బీఐలో ఇంకా ట్రైనీ. బఫెలో బిల్ అనే హంతకుణ్ణి పట్టుకోవడానికి జైల్లో ఉన్న ఇంకో హంతకుడు, డాక్టర్ హానిబల్ లెక్టర్ సాయం కావాలి. ఆయనతో మాట్లాడటానికి ఈ అమ్మాయిని పంపుతారు.

సినిమా మొదట్లోనే ఒక లిఫ్ట్ షాట్ ఉంది. క్లారిస్ లిఫ్ట్ ఎక్కుతుంది. లోపల అందరూ మగ ట్రైనీలే, ఎర్ర చొక్కాలు, ఒక్కొక్కడూ ఆమె కంటే చాలా ఎత్తు. మధ్యలో ఈమె, చెమటతో తడిసిన బూడిద రంగు స్వెట్‌షర్ట్‌లో, పైకి చూస్తూ నిలబడుతుంది. డైలాగ్ లేదు. ఎవడూ ఏమీ అనడు. కానీ ఈమె ఎలాంటి చోట పనిచేస్తోందో మనకి అర్థమైపోయింది.

ఇప్పుడు అసలు పాయింట్. మామూలుగా ఇద్దరు మాట్లాడుకునే సీన్‌లో నటులు లెన్స్‌లోకి చూడరు, కొంచెం పక్కకి చూస్తారు. ఈ సినిమాలో డెమ్మీ ఏం చేశాడంటే, క్లారిస్‌తో మాట్లాడేవాళ్ళని చాలా చోట్ల నేరుగా లెన్స్‌లోకి చూడమన్నాడు. క్లారిస్‌ని మాత్రం లెన్స్ పక్కకి చూడమన్నాడు. దాంతో ఏమైంది? వాళ్ళు చూస్తున్నది మనల్ని. అంటే మనం క్లారిస్ కుర్చీలో కూర్చున్నాం. ప్రేక్షకుడు ఆమె స్థానంలో ఉండాలనే అలా తీశానని డెమ్మీ ఇంటర్వ్యూల్లో కూడా చెప్పాడు.

డాక్టర్ చిల్టన్ సీన్ చూడండి. జైలు ఆసుపత్రి పెద్ద ఆయన. ఆఫీసులో కూర్చుని మన కళ్ళలోకే చూస్తూ, ఊళ్ళో రాత్రికి ఉంటావా అన్నట్టు మాటలు కలుపుతాడు. ఆ ముఖం పక్క నుంచి చూస్తే "చీప్‌గాడు" అనుకుని వదిలేస్తాం. ఎదురుగా చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత లెక్టర్. క్లారిస్ ఆ వరండాలో నడుస్తుంటే కెమెరా ఆమె కళ్ళతోనే ముందుకెళ్తుంది. మిగతా ఖైదీలకి ఇనుప ఊచలు. చివర్లో లెక్టర్‌కి గాజు గోడ. సెల్ మధ్యలో నిటారుగా నిలబడి, ఈమె కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటాడు. ఆయన కూడా మన కళ్ళలోకే చూస్తాడు. మాట నడిచేకొద్దీ ముఖాలు తెరంతా నిండేంత దగ్గరికొస్తాయి. కానీ చిల్టన్ చూపు వేరు, ఈ చూపు వేరు. చిల్టన్ ఆమె అందం దగ్గరే ఆగిపోయాడు. లెక్టర్ ఆమె చిన్నతనం దాకా వెళ్ళిపోతాడు. ఇద్దరికీ కెమెరా ఒకే చోట పెట్టారు. తేడా అంతా మనిషిలో ఉంది, ఆ తేడా మనకి తెలిసేలా చేసింది కెమెరా.

అన్ని థ్రిల్లర్లూ ఇలాగే చేయక్కర్లేదు. హిచ్‌కాక్ 'సైకో' (1960)లో డిటెక్టివ్ ప్రశ్నలు వేస్తుంటే నార్మన్ హోటల్ రిజిస్టర్ మీదకి వంగుతాడు. కెమెరా అతని గడ్డం కింద నుంచి చూస్తుంది. నోట్లో ఏదో నములుతున్నాడు, గొంతు కదులుతోంది. ముఖం మామూలుగా ఉంచుకోగలిగాడు, గొంతుని దాచలేకపోయాడు. అక్కడ కెమెరా మనిషిని బయట నుంచి పట్టుకుంది. డెమ్మీ మనిషి లోపల కూర్చున్నాడు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. ఈ సినిమా మొదటిసారి బీటెక్ థర్డ్ ఇయర్‌లో హాస్టల్లో చూశా. గుర్తున్నది లెక్టర్ ఒక్కడే. ఉద్యోగంలో చేరాక మళ్ళీ చూసి, టీ బ్రేక్‌లో మా టీమ్‌మేట్‌కి ఆ లిఫ్ట్ షాట్ గురించి తెగ చెప్పా, "ఏం ఫ్రేమ్ అది!" అని. తను నవ్వి, "నీకది ఫ్రేమ్. నైట్ షిఫ్ట్ అయ్యాక మన లిఫ్ట్ ఎక్కిన ప్రతిసారీ నేను నిలబడేది అక్కడే" అంది. తొమ్మిది మంది టీమ్‌లో తనొక్కతే అమ్మాయి. రెండేళ్ళు అదే లిఫ్ట్‌లో తిరిగా, ఆ మధ్యలో నిలబడితే ఎలా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

సినిమాలో ఇంకో సీన్ ఉంది. శవపరీక్ష కోసం వెళ్ళినచోట ఆమె బాస్ క్రాఫర్డ్, కొన్ని విషయాలు ఆమె ముందు వద్దన్నట్టు షెరీఫ్‌ని పక్కకి తీసుకెళ్తాడు. క్లారిస్ గది నిండా పోలీసుల మధ్య మిగిలిపోతుంది, అందరూ ఆమెనే చూస్తుంటారు. తర్వాత కారులో ఆమె క్రాఫర్డ్‌కి చెబుతుంది, మిగతావాళ్ళు ఎలా ప్రవర్తించాలో మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు అని. అది వింటుంటే నాకు మా మీటింగులు గుర్తొచ్చాయి. తను రాసిన కోడ్ గురించి లీడ్ నా వైపు చూసి అడిగేవాడు. నేను సమాధానం చెప్పేసేవాణ్ణి. "తననే అడగండి" అని ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు క్లైమాక్స్. హంతకుడి నేలమాళిగ, కరెంటు పోయింది. బఫెలో బిల్ నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకున్నాడు. సినిమాలో చాలాభాగం క్లారిస్ కళ్ళతో చూసిన మనం ఒక్కసారిగా వాడి కళ్ళలోకి వెళ్ళిపోతాం. తెరంతా ఆకుపచ్చ. ఆమె తుపాకీ పట్టుకుని గాల్లో తడుముకుంటోంది. వాడి చెయ్యి ఆమె జుట్టు దాకా వస్తుంది. వాడు చూడగలడు, ఆమె చూడలేదు. లిఫ్ట్ నుంచి ఇక్కడిదాకా ఆమె మీద పడ్డ చూపులన్నీ ముదిరితే ఇదిగో, ఇలా ఉంటుంది. ఆమె ఎలా గెలిచింది? చూసి కాదు. తుపాకీ క్లిక్ శబ్దం విని, తిరిగి కాల్చింది. కిటికీ పగిలి లోపలికి వెలుగొచ్చింది.

చివరగా ఒక చిన్న ప్రయోగం. ఫోన్ మీ చేతిలోనే ఉందిగా. ఫ్రెండ్‌ని ఎదురుగా నిలబెట్టి "ఒంటరిగా వచ్చావా?" అని రెండుసార్లు అనమనండి. ఒకసారి లెన్స్ పక్కకి చూస్తూ, ఇంకోసారి లెన్స్‌లోకి చూస్తూ. రెండూ వరసగా ప్లే చేయండి. మాట అదే, మనిషి అతనే. రెండోది వింటున్నప్పుడు మీరు కొంచెం వెనక్కి జరుగుతారు.

ఈసారి ఏ థ్రిల్లర్ చూసినా "షాట్ బాగుందా?" అని కాదు, "కెమెరా ఇప్పుడు ఎవరి చోట నిలబడింది?" అని అడిగి చూడండి. సినిమా అయ్యాక ఆఫీస్ లిఫ్ట్‌లో కూడా ఒకసారి అడగండి. నేను కాస్త లేటుగా అడిగా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.