చెవిలో కరిగిపోయే ఎముకలు

"చెవి కారుతోంది గాని నొప్పి లేదు" అన్న మాట మన ఇళ్ళలో తరచుగా వినబడేదే. నొప్పి లేదు గనుక ప్రమాదమూ లేదని తలచి, కాచిన నూనె చుక్కలు వేసి ఊరకుండేవారున్నారు. ఆ చీము వెనుక జరుగుతున్నదేమిటో సూక్ష్మదర్శినిలో చూచిన వారెవరూ అంత నిశ్చింతగా ఉండలేరు.

కర్ణభేరి వెనుక కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసువలె అమరి ఉన్నాయి. శరీరంలోకెల్లా చిన్న ఎముక అంకవన్నె. ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు, బరువు సుమారు 3 మిల్లీగ్రాములు. కర్ణభేరి, ఈ గొలుసు కలిసి ధ్వని పీడనాన్ని దాదాపు 20 రెట్లు హెచ్చించి లోపలి చెవికి అందజేస్తాయి.

ఎముక అనగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు అల్లికపై పేరుకొన్న కాల్షియం, ఫాస్ఫేటు స్ఫటికాలు. చెవిలో చీము దీర్ఘకాలం నిలిచినప్పుడు, వాపు వలన పుట్టే రసాయన సంకేతాలు ఆస్టియోక్లాస్టులనే పెద్ద కణాలను పురికొల్పుతాయి. ఒక్కొక్క కణం ఎముకను అంటిపెట్టుకొని, తన క్రింద ఆమ్లాన్ని స్రవించి ఖనిజాన్ని కరిగిస్తుంది. పిదప ఎంజైములు కొల్లాజెన్‌ను తెంచివేస్తాయి. మిగిలేది చెదలు తిన్న కొయ్యవలె గుంటలు పడిన ఎముక. సాధారణంగా మొదట బలయ్యేది దాగలి పొడవాటి కాడ; అది సన్ననిది, రక్తప్రసరణ కూడా స్వల్పం. దాని కొన అంకవన్నె నుండి విడిపోతే గొలుసు తెగినట్లే.

చర్మపు పొర మధ్యచెవిలోకి చేరి పెరిగే కొలిస్టియాటోమా మరింత ప్రమాదకరం. దుర్వాసనతో కూడిన చీము దాని గుర్తు. అది ఎముక గోడలను సైతం తొలిచి, ముఖ పక్షవాతానికో, మెదడు పొరల వాపుకో దారి తీయగలదు. ఇక ఆటోస్క్లెరోసిస్ అనే వ్యాధి తీరు వేరు. అందులో కొత్త ఎముక అస్తవ్యస్తంగా పెరిగి అంకవన్నెను కదలనీయదు.

కర్మాగారాలలో చెవుడంటే యంత్రాల రొదే కారణమనుకొంటాము. రొద చెరిచేది లోపలి చెవిలోని సున్నిత కణాలను. అవి తిరిగి మొలకెత్తవు. తెగిన ఎముకల గొలుసును మాత్రం చాలావరకు అతకవచ్చు. ఆటోస్క్లెరోసిస్‌కు 1956లో అమెరికా వైద్యుడు జాన్ షే అంకవన్నెను తొలగించి టెఫ్లాన్ ప్రతిరూపాన్ని అమర్చారు. నేడు టైటానియంతోను, హైడ్రాక్సీఅపటైట్‌తోను చేసినవి వాడుతున్నారు. ఈ రెండవది ఎముకలోని ఖనిజమే. వ్యాధి కరిగించినదాన్నే వైద్యుడు తిరిగి తెచ్చి పెడుతున్నాడన్నమాట! అయితే కొలిస్టియాటోమా ఉన్న చెవిలో ముందుగా దానిని పూర్తిగా తొలగించవలసి ఉంటుంది. గొలుసు కూర్చే పని అనేక సందర్భాలలో కొన్ని నెలల తరువాత చేసే రెండవ శస్త్రచికిత్సకు వాయిదా పడుతుంది.