బూడిద చెప్పిన సాక్ష్యం

పిల్లలూ, కోడిపెట్ట గుడ్లమీద కూర్చుంటే 21 రోజులకు పిల్లలు అవుతాయని మీకు తెలుసు. ఎలుక కడుపులో పిల్లలు పెరగటానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే! కోడి పొదిగి లేచేసరికి, ఆ పక్కనే ఏ కన్నంలోనో ఎలుక కూడా పిల్లల్ని పెట్టి ఉండవచ్చు. కోడిపిల్లలతో పాటు వాటి శత్రువు కూడా ఇంట్లో పెరుగుతూ ఉంటుందన్నమాట. ఆ శత్రువును గుర్తు పట్టటంలో ఎంత పొరపాటు జరుగుతుందో చెబుతాను, వినండి.

నేను కృష్ణాజిల్లాలో, కాలవ గట్టున ఉన్న ఒక పల్లెటూరి బడిలో పనిచేసే రోజులవి. వరికోతలు అయిపోయినాయి. మా ఏడో తరగతి పిల్లవాడొకడు ఒకనాడు దిగులుగా కూర్చున్నాడు.

"ఏరా, ఏమయింది?" అని అడిగాను.

"మా కోడిపిల్లలు పోతున్నాయి, మేష్టారూ," అన్నాడు.

వాళ్ళమ్మ పన్నెండు గుడ్లు పొదగేస్తే పది పిల్లలయినాయి. అవి ఎదిగాక అమ్మి, కొడుక్కు రెండు జతల బట్టలు కుట్టించాలని ఆవిడ ఆశ. రాత్రిపూట తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసేవారు. తెల్లవారి గంప ఎత్తితే పిల్లలు తక్కువగా ఉండేవి. మూడు రాత్రుల్లో నాలుగు పోయినాయి.

"పక్కింటి పిల్లి పనే అనుకుని, దాన్ని గోతాంలో కట్టి, కాలవ దాటించి వదిలేశానండీ. ఆ తరవాత కూడా రెండు పోయినాయి," అంటూ వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"పిల్లి వచ్చి ఉంటే గంప ఒరిగి ఉండాలి గదరా! ఈకలన్నా రాలి ఉండాలి. అవి చూశావా?"

"చూడలేదండీ."

"చూడకుండానే శిక్ష వేశావా?" అన్నాను. వాడు తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కోడినీ పిల్లల్నీ ఆ రాత్రికి ఇంట్లో పెట్టించి, ఖాళీ గంప కింద గుప్పెడు నూకలు చల్లించాను. పొయ్యిలో బూడిద జల్లించి, గంప చుట్టూ మూరెడు వెడల్పున పలచగా పరిపించాను.

తెల్లవారి చూస్తే నూకలు లేవు. బూడిదలో చిన్న చిన్న అడుగులు! ముందుకాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనకకాళ్ళకు ఐదేసి. మధ్యన తోక ఈడ్చిన గీత. పిల్లి అడుగు ఇట్లా ఉండదు. అది గుండ్రంగా ఉంటుంది. పిల్లి గోళ్ళు ముడుచుకుని నడుస్తుంది గనుక గోళ్ళ గుర్తులు పడవు. గంప అంచు కింద మట్టినేల తవ్వి ఉన్నది. కోడి గీరిన గుంట అనుకుని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు!

అడుగులు గడ్డివామి దగ్గిర ఒక బొరియ వరకూ పోయినాయి. పిల్లవాడి తండ్రి గడ్డపలుగుతో తవ్వాడు. లోపల దాచిన వరికంకులూ, వాటి పక్కన కోడిపిల్లల పసుపుపచ్చని నూగూ కనిపించినాయి. అంతలో ఒక పందికొక్కు మరొక కన్నంలోంచి దూకి పారిపోయింది.

ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'బాండికూట్' అంటారు. ఆ మాట మన 'పందికొక్కు' నుంచి పోయినదే! పంట ఉన్నన్నాళ్ళూ అది పొలం గట్లలో బొరియలు చేసుకుంటుంది. కోతలు కాగానే తిండి వెతుక్కుంటూ గడ్డివాములకూ, పెరళ్ళకూ చేరుతుంది.

తల్లికోడి దాన్ని ఎందుకు పొడవలేదు? కోడికి చీకట్లో చూపు ఆనదు. ఎలుకలకు చూపుతో పని లేదు; మీసాలతోనూ, ముక్కుతోనూ దారి తెలుసుకుంటాయి. పగలయితే తల్లికోడికి సాటి లేదు. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక అరుపు, నేలమీద శత్రువు కనిపిస్తే మరొక అరుపు అరుస్తుంది.

పారిపోయిన పందికొక్కు మళ్ళీ రావచ్చు. అది పోయినా మరొకటి రావచ్చు. అందుచేత ఎలుకను తరమటం కన్నా దారి మూయటం ముఖ్యం. మేము చేసిన పనులు ఇవి: గంపను మట్టినేలమీద నుంచి తీసి నాపరాతి బండమీద పెట్టాము, పైన బరువు ఉంచాము. చీకటి పడగానే గింజలు ఊడ్చి, మూత ఉన్న డబ్బాలో పోయించాము. గడ్డివామిని గంపకు దూరంగా వేయించాము.

గూడు కట్టించేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఎలుక తల పట్టిన సందులోంచి దాని ఒళ్ళు కూడా దూరుతుంది. దానికి అర అంగుళం సందు చాలు. చిట్టెలుకకు పావు అంగుళం చాలు. కోళ్ళకోసం అమ్మే పెద్ద కన్నాల వల కోడిని లోపల ఉంచుతుందే గాని, ఎలుకను బయట ఉంచదు. సన్నకన్నాల గట్టి ఇనుపవల వాడాలి. గాలి ఆడకుండా మాత్రం మూయరాదు. ఎలుక ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి గనుక అది ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుంది. చెక్కా, ప్లాస్టిక్కూ దానికి అడ్డు కావు.

ఈ రోజుల్లో హైదరాబాదు కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లల్ని కొని పెంచేవారున్నారు. తల్లి లేని పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి గనుక బల్బు పెడతారు. ఎలుక ఆ తీగ కొరికితే నిప్పు అంటుకోవచ్చు. తీగను దానికి అందకుండా కట్టించండి.

పగటివేళ పిల్ల పోతే గద్దనో, కాకినో, ముంగిసనో అనుమానించాలి. రాత్రి పోయి, నేలలో కన్నం ఉంటే ఎలుక జాతిని. ఈకలు చెదిరి ఉంటే పిల్లిని. ఏ ఆనవాలూ లేకపోతే పామును అనుమానించాలి. బొరియలో ఎన్నడూ చెయ్యి పెట్టకండి. ఎలుక వదిలిన బొరియలో పాము చేరుతుంది. ఎలుకల మందు కూడా పెట్టవద్దు. మందు తిన్న ఎలుకను తిని పిల్లులూ, గుడ్లగూబలూ చస్తాయి. ముంగిసనూ, జెర్రిపోతునూ చంపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతున్నది. ఇవన్నీ అవకాశం దొరికితే కోడిపిల్లను తినేవే. కాని ఏడాది పొడుగునా ఎలుకల్ని తినేవి కూడా ఇవే!

ఆ పిల్లవాడి సంగతి చెప్పనేలేదు. మిగిలిన నాలుగు పిల్లలూ పెరిగి పెద్దవయినాయి. బట్టలు రెండు జతలకు బదులు ఒక జతే వచ్చినాయి. మరుసటి ఏడు వాటిలో ఒక పెట్ట తొమ్మిది పిల్లల్ని చేసింది. ఒకదాన్ని పట్టపగలు గద్ద తన్నుకుపోయింది గాని, రాత్రిపూట మాత్రం ఒక్కటీ పోలేదు.

వాడు రెండు ఆదివారాలు కాలవ అవతల ఊళ్ళో పిల్లికోసం ఇల్లిల్లూ తిరిగాడు. అది కనిపించలేదు. పక్కింటివాళ్ళతో నిజం చెప్పి, తప్పు ఒప్పుకున్నాడు.

పిల్లలూ, మీ ఇంట్లో కోడిపిల్ల పోతే కర్ర అందుకోకండి. ముందు గుప్పెడు బూడిద తీసుకోండి.